వినికిడి తగ్గిందని పనిలోంచి తప్పిస్తామంటే?

ప్రశ్న: మాది రేణిగుంట. గాజులమండ్యం పారిశ్రామికవాడలోని ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో, ప్రెస్ మెషిన్ల విభాగంలో పదమూడేళ్లుగా పర్మినెంటు ఆపరేటరుగా పని చేస్తున్నాను. జీతంలోంచి ఈఎస్ఐ కోత ఉంది. కొంతకాలంగా రెండు చెవులూ సరిగా వినిపించడం లేదు, హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటున్నాను. పోయిన నెలలో వెనక నుంచి వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ హారన్ నాకు వినపడలేదు. డ్రైవరు బ్రేకు వేయడంతో ప్రమాదం తప్పింది. మరుసటి రోజు నుంచి సేఫ్టీ ఆఫీసరు గేటు దగ్గరే ఆపేస్తున్నారు. రాజీనామా రాసిస్తే లెక్కంతా సెటిల్ చేస్తామని హెచ్ఆర్ వాళ్లు నోటిమాటగా చెబుతున్నారు. నాకు చట్టంలో రక్షణ ఉందా?

జవాబు: రాజీనామా పత్రం మీద గానీ, రాయని కాగితం మీద గానీ సంతకం చేయకండి. యాజమాన్యం మిమ్మల్ని తొలగిస్తే అందుకు కారణం చూపవలసిన బాధ్యత వారిది. అదే మీ చేతిరాతతో రాజీనామా వారి ఫైల్లో చేరితే, అది ఒత్తిడి చేసి రాయించుకున్నదని రుజువు చేయవలసిన భారం మీ మీద పడుతుంది. ఈ తేడా తెలియక కేసు పెట్టకముందే ఓడిపోయే కార్మికులు చాలామంది ఉన్నారు.

గేటు దగ్గర ఆపడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మిమ్మల్ని పనికి రావద్దన్నట్టు లిఖితపూర్వకంగా ఏదీ లేదు కనుక, కొన్నాళ్ల తరువాత మీరే చెప్పకుండా మానేశారని, అనుమతి లేని గైర్హాజరు కింద చర్య తీసుకుంటున్నామని నోటీసు రావచ్చు. కాబట్టి, ఫలానా తేదీ నుంచి షిఫ్టు వేళకు హాజరవుతున్నా లోపలికి అనుమతించడం లేదని, పని చేయడానికి సిద్ధంగా ఉన్నానని, ఆపడానికి కారణం రాతపూర్వకంగా తెలపాలని, పని ఇవ్వని రోజులకు వేతనం కోరే హక్కును వదులుకోవడం లేదని ఒక పేజీ ఉత్తరం రాసి, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో స్పీడ్ పోస్టులో పంపండి. కంపెనీ ఈమెయిలుకూ అదే పంపండి. ఉత్తరంలో కోపం కనిపించకూడదు, తేదీలు కనిపించాలి.

ఇక అసలు విషయం. భద్రత గురించి యాజమాన్యం చెబుతున్నది సాకు మాత్రమేనని కొట్టిపారేయలేము. ఫోర్క్‌లిఫ్ట్ ఘటన నిజంగా జరిగింది, దాని రిపోర్టు వారి దగ్గర ఉంటుంది, కార్మికుల భద్రత చూడవలసిన చట్టబద్ధమైన బాధ్యత కూడా యజమానిదే. అయితే ఆ బాధ్యత తీర్చుకోవడానికి మొదటి మార్గం మనిషిని బయటకు పంపడం కాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 3వ సెక్షను ప్రకారం, న్యాయమైన లక్ష్యాన్ని సాధించడానికి తీసుకున్న చర్య ఆ లక్ష్యానికి తగిన మోతాదులోనే ఉందని చూపగలిగితే తప్ప, వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదు. యాజమాన్యం మీద మితిమీరిన భారం పడకుండా చేయగలిగిన సహేతుకమైన సర్దుబాట్లను నిరాకరించడం కూడా వివక్షేనని అదే చట్టం 2వ సెక్షను చెబుతోంది. ‘సంస్థ’ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి.

అందువల్ల వాదన ‘వినపడదు, ప్రమాదం’ అన్న రెండు ముక్కల దగ్గర ఆగిపోకూడదు. ఏ పనిలో, ఏ శబ్దం వినపడకపోతే, ఎలాంటి ప్రమాదం అని అడగాలి. ప్రెస్ దగ్గర మీ పనికి చూపు, చేతులు ప్రధానమైతే అక్కడ ప్రమాదం వినికిడిది కాదు. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారిలోనూ, సైరన్ మోగినప్పుడూ మాత్రమే అది వినికిడి సమస్య అవుతుంది. ఆ రెండింటికీ పరిష్కారాలు ఉన్నాయి: సైరన్‌తో పాటు వెలిగి ఆరే దీపం, ఫోర్క్‌లిఫ్ట్ ముందు నేల మీద పడే నీలి కాంతి, మూలమలుపుల్లో కుంభాకార అద్దం, నడకదారికి అడ్డుకమ్మీ, ఖాళీ చేయించే వేళ మిమ్మల్ని వెంటబెట్టుకు వెళ్లే బాధ్యతను అదే షిఫ్టులోని ఒకరికి అప్పగించడం. నిజానికి చెవులకు ప్లగ్గులు పెట్టుకున్న మీ తోటివారికి కూడా ఆ హారన్ అంతంతమాత్రంగానే వినపడుతుంది కనుక, ఈ ఏర్పాట్లు మీ ఒక్కరి కోసమే అనడం కూడా సరికాదు. ఇవి కుదరకపోతే అదే జీతంతో స్టోర్స్‌కో, నాణ్యత తనిఖీకో మార్చమని ప్రత్యామ్నాయంగా కోరండి.

మీ వైపు నుంచి బలమైన వైద్య పత్రం కావాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత ఉందో కొలిచే పరీక్ష) తీయించుకోండి. హియరింగ్ ఎయిడ్‌తో ఎంత వినపడుతోంది, ప్రెస్ షాపు శబ్దంలో దాన్ని వాడవచ్చా, చెవి రక్షణ ఎలా అన్నవి కూడా రాసివ్వమని అడగండి. ఆపేసిన హియరింగ్ ఎయిడ్ చెవిప్లగ్గుకు బదులు కాదు. ఈ సంగతి సేఫ్టీ ఆఫీసరు తప్పకుండా లేవనెత్తుతారు. రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉన్నవారిని చట్టం వినికిడి మందం ఉన్నవారిగా గుర్తిస్తుంది. మీ లెక్క ఆ పరిధిలో ఉంటే సదరం సర్టిఫికెట్టుకు, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ పత్రానికి, దరఖాస్తు చేసుకోండి.

ఒక పరిమితి కూడా చెప్పాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం నుంచి తొలగించకూడదని, అదే వేతన స్కేలులో వేరే పోస్టు ఇవ్వాలని చెప్పే 20వ సెక్షను ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. రంగుల గుర్తింపు లోపం ఉందని తప్పించిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ వాదనకు ఊతమిస్తుంది గానీ, అది ప్రభుత్వ రంగ సంస్థ. ప్రైవేటులో ఉన్న మీరు వైకల్య చట్టాన్నీ కార్మిక చట్టాన్నీ జంటగా పట్టుకోవాలి. కార్మిక శాఖ అధికారి ముందు ఫిర్యాదు చేసి రాజీ చర్చలు కోరండి. వివక్ష గురించి రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు విడిగా రాయండి. విచారణలో సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం వంటి విషయాల్లో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది: మీ వినికిడి ఆ ప్రెస్సుల మోత వల్లే పోయిందా? ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ అన్నది మన ఫ్యాక్టరీల్లో పాటించే శబ్ద పరిమితి. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది కొనసాగుతోంది. ఉద్యోగంలో చేరినప్పటి వైద్య పరీక్ష నకలు, తరువాత ఏటా చేసిన పరీక్షల నకళ్లు, మీ విభాగంలో శబ్దం కొలిచిన రికార్డులు ఇమ్మని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా కోరండి. మీరు ఈఎస్ఐలో ఉన్నారు కనుక ఈ నష్టానికి ప్రయోజనం ఈఎస్ఐ నుంచి, మెడికల్ బోర్డు నిర్ణయం మీద వస్తుంది. యజమాని నుంచి మరోసారి పరిహారం కోరడం కుదరదు. రాజీనామా కోసం తొందరపెట్టే చోట చాలాసార్లు ఈ రికార్డుల భయమే ఉంటుందని నా అనుభవం.

ఖర్చుకు వెనుకాడి ఊరుకోకండి. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద వైకల్యం ఉన్నవారికీ పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వవచ్చు. వెళ్లేటప్పుడు నియామక పత్రం, జీతం స్లిప్పులు, ఈఎస్ఐ కార్డు, ఆడియోగ్రామ్, మీరు పంపిన ఉత్తరం నకలు, దాని పోస్టల్ రసీదు తీసుకువెళ్లండి.