చెల్లికి, రిటైరయ్యే ముందు

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ.

చిట్టీ,

"అక్కా, నెలాఖరు దాటాక పొద్దున్నే లేచి ఏం చెయ్యాలే?" అని మొన్న ఫోన్లో అడిగావు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ, రాత్రి పడుకున్నాక అదే మాట బుర్రలో తిరిగింది. నన్ను 2016లో 60 ఏళ్లకే ఇంటికి పంపేశారు. మీకు 2022 నుంచి 62 చేశారు కాబట్టి ఇంకో రెండేళ్లు బడి గంట విన్నావు. ఇప్పుడు ఆ గంట ఉండదు. నేను పడ్డ తిప్పలు చెబుతాను, పనికొచ్చినవి తీసుకో.

ముందుగా ఇరుగుపొరుగు సంగతి. "టీచరుగారు ఇంట్లోనే ఉంటారు కదా" అనే మాట మా అపార్ట్‌మెంటులో ఐదంతస్తులూ ఎక్కి దిగింది. మూడు వారాలు తిరక్కుండా హాలు నిండా ఎవరెవరివో పార్సిళ్లు, గుమ్మం పక్క మేకుకి నాలుగిళ్ల తాళాలు, సాయంత్రం నాలుగైతే ఎల్‌కేజీ పిల్లాడొకడు. మీ బావ పేపరు చదువుకోడానికి కుర్చీ ఖాళీ ఉండేది కాదు. కాదనడానికి మొహమాటపడి ఆరు నెలలు లాగాను. నువ్వు మొదటి నెలలోనే చెప్పెయ్: పార్సిల్ మధ్యాహ్నం లోపు వస్తే తీసుకుంటాను, పిల్లాణ్ణి మంగళవారం, గురువారం చూస్తాను, అంతే. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నవాళ్లు మళ్లీ పార్సిల్ వచ్చిన రోజున వాళ్లే మాట కలుపుతారు.

అలాగని తలుపేసుకుని కూర్చోకు. మూడో అంతస్తు వాళ్లు క్రిస్మస్‌కి ఓ డబ్బాలో ప్లమ్ కేకు పంపారు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని అమ్మ అనేది కదా, సంక్రాంతికి అరిసెలు పెట్టి ఇచ్చాను. అక్కణ్ణుంచి ఆ డబ్బా తిరుగుతూనే ఉంది. ఆ కేకు రుచి చూశాకే నాకు ఓటీజీ, అదే కేకులు కాల్చే చిన్న కరెంటు పొయ్యి, కొనాలని బుద్ధి పుట్టింది.

కొన్నరోజే మిక్సీ పెట్టే చిన్న ప్లగ్గులో పెట్టేశాను. ఇరవై నిమిషాలకి ప్లాస్టిక్ కాలిన కంపు, చూస్తే ప్లగ్గు నల్లగా మాడిపోయింది. ఓ మోస్తరు ఓటీజీ 1,500 వాట్ల దాకా లాగుతుంది. గీజరుకి పెట్టే లాంటి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు వంటింట్లో పెట్టించుకున్నాకే కొనుక్కో.

కేకు గుడ్డు లేకుండానే మొదలుపెట్టు, అప్పుడు అందరిళ్లకీ పంపొచ్చు. కప్పు గట్టి పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగేదాకా గిలక్కొట్టి, చెంచాంపావు బేకింగ్ పౌడరు, అరచెంచా వంటసోడా వేసి ఐదు నిమిషాలు వదిలెయ్. నురగ పొంగుతుంది. అరకప్పు నూనె, కాస్త వెనిల్లా పోసి, జల్లించిన కప్పున్నర మైదా కొంచెం కొంచెంగా కలుపు. ఇక ఆగకు. పెరుగు పులుపూ సోడా కలిసి పుట్టించిన గాలే కేకుని లేపేది. గిన్నె గట్టుమీద పెట్టి ఫోన్లో కబుర్లు చెబుతూ కూర్చుంటే ఆ గాలి కాస్తా పోయి దిబ్బరొట్టె తయారవుతుంది. (దిబ్బరొట్టె కూడా బాగానే ఉంటుందనుకో, కానీ కేకు అనలేం.) ఓటీజీ పది నిమిషాల ముందే 180 డిగ్రీల మీద వేడెక్కి ఉండాలి. 35, 40 నిమిషాలకి పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. మధ్యలో తలుపు తీసి తొంగిచూశావంటే నడుమ కుంగిపోతుంది. నీకు ఆ అలవాటుంది, ఇడ్లీ కుక్కరు విషయంలో చూశాను.

పంచేముందు అడుగు. రెండో అంతస్తు పెద్దాయనకి షుగరని తెలీక పళ్లెం నిండా ఇచ్చాను, నాలుగు ముక్కలు లాగించాడు. వాళ్లావిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. "బెల్లమేగా వేశాను" అని సర్దిచెప్పబోకు, షుగరుకి బెల్లమూ పంచదారే. ఇంకొకటి, ఎవరో ఒకరు "అమ్మకూడదూ?" అంటారు. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. నేనైతే ఆ జోలికి పోలేదు.

ఇక నడక. ఇక్కడ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు. మేం నలుగురు ఆడవాళ్లం కురుసుర జలాంతర్గామి దగ్గర కలుసుకుని బయల్దేరతాం. ఒకరు రాకపోతే మిగతా ముగ్గురూ ఫోన్ చేసి తిడతారు. ఆ తిట్లకోసమే సగం రోజులు లేచాను. మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు. షుగరు మాత్రలు వాడేవాళ్లు పరగడుపున రాకూడదు. బూట్లు సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

విరాళాల నడకలంటావా, అక్టోబరులో రొమ్ము క్యాన్సరుది, నవంబరు 14న మధుమేహానిది ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి. ఒకసారి 500 కట్టి వెళ్లాను. టీ షర్టు ఇచ్చారు, నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేది. డబ్బు ఎటు పోయిందని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. ఆ షర్టుతో ఇప్పుడు గచ్చు తుడుస్తున్నాం. కట్టేముందు రసీదు ఇస్తారా, ఎవరికి చేరుతుంది అని అడుగు. నీళ్లు నమిలితే ఇంటికొచ్చెయ్.

తర్వాత మేమే మొదలుపెట్టాం. నెలకో ఆదివారం అపార్ట్‌మెంటు వాళ్లం కలిసి నడుస్తాం, నడిచినవాళ్లు కిలోమీటరుకి పది రూపాయలు హార్లిక్స్ సీసాలో వెయ్యాలి. చివర్న నా కేకు, టీ. పోయిన ఏడాది ఆ సీసా డబ్బుతో నేను పనిచేసిన బడిలో పదకొండు మంది పిల్లలకి కళ్లద్దాలు కొన్నాం. వాళ్లలో ఒకడు అద్దాలు పెట్టుకుని ముందు బోర్డు చూడలేదు, కిటికీలోంచి వేపచెట్టు చూశాడు. "టీచర్, ఆకులు విడివిడిగా ఉన్నాయి" అన్నాడు.

దసరాకి జంతికలు పెట్టి పంపిన నా స్టీలు డబ్బా ఇంకా నీ దగ్గరే ఉంది. రిటైరయ్యాక మొదటి ఆదివారం బస్సెక్కేటప్పుడు మర్చిపోకుండా తీసుకురా. ఖాళీగా తేకు.

మీ అక్క