హాబ్ కొనే ముందు మీ ఇంట్లో పెద్ద గిన్నెలు కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్, వంటగది పని నడుస్తోంది, గ్రానైట్ ఇంకా కోయలేదు. ప్రస్తుతానికి సిలిండర్, ముందుముందు పైపు గ్యాస్ వస్తుందంటున్నారు. ఇంట్లో అయిదుగురు, అత్తగారు స్టవ్ ఆపడం మర్చిపోతుంటారు. ఇంటీరియర్ వాళ్లేమో నాలుగు బర్నర్ల గ్లాస్ హాబ్ (గట్టు కోసి అందులోకి బిగించే స్టవ్) పెట్టించుకోమంటున్నారు, మీకు మామూలు స్టవ్ మీద మనసుంది, మీవారు ఇండక్షన్ అంటున్నారు.

ముందు నా జవాబు చెప్పేస్తాను. మూడు బర్నర్ల గ్యాస్ హాబ్, కాస్త వెడల్పుది, ఫ్లేమ్ ఫెయిల్యూర్ (మంట ఆరిపోతే గ్యాస్ ఆపేసే ఏర్పాటు) ఉన్నది తీసుకోండి. దాని పక్కన సింగిల్ ఇండక్షన్ స్టవ్ ఒకటి. నాలుగు బర్నర్లు వద్దు. మా ఇంట్లో కొన్నేళ్లుగా మూడు బర్నర్ల హాబ్ ఉంది, మా అక్క వాళ్లింట్లో నాలుగు బర్నర్లది, ఊళ్లో అమ్మకి రెండు బర్నర్ల స్టీల్ స్టవ్. మూడింటి మీదా పండగ వంటలు చేశాను కాబట్టి ఇంత ధీమాగా చెప్తున్నా.

నాలుగు బర్నర్లు వద్దని ఎందుకంటున్నానంటే, ఎక్కువగా అమ్మే హాబ్ వెడల్పు 60 సెంటీమీటర్లు. అందులో పక్కపక్కన రెండు, వెనకాల రెండు, మళ్లీ నాబ్‌లకి చోటు. రెండు బర్నర్ల మధ్య దూరం ఒక అడుగు కూడా రాదు, ముందు వెనకల మధ్య అయితే ఇంకా తక్కువ. ఇప్పుడు మీ అయిదు లీటర్ల కుక్కర్ పిడితో సహా కొలవండి, పులుసు పెట్టే గిన్నె కొలవండి, అప్పాలు, గారెలు వేసే మూకుడు కొలవండి. అక్క వాళ్లింట్లో ముందు బర్నర్ మీద మూకుడు పెడితే వెనకాలది ఖాళీగా ఉండాల్సిందే, లేదంటే పాలగిన్నె ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. పైగా వెనక బర్నర్ మీద తాలింపు వేయాలంటే ముందున్న మంట మీదుగా చెయ్యి చాపాలి, చున్నీ, నైటీ చేతులు అక్కడే అంటుకుంటాయి. నాలుగు మంటలకి డబ్బు కట్టి రోజూ వాడేది రెండున్నర. నిజంగా నాలుగు కావాలనుకుంటే 75 లేదా 90 సెంటీమీటర్లదే చూడండి. షాపుకి వెళ్లేటప్పుడు సిగ్గుపడకుండా కుక్కర్, మూకుడు సంచిలో వేసుకెళ్లి డిస్‌ప్లే హాబ్ మీద పెట్టి చూడండి. సేల్స్ అబ్బాయి నవ్వితే నవ్వనీయండి.

గ్రానైట్ ఇంకా కోయలేదు కదా, అది మీ అదృష్టం. హాబ్ ఇంటికి వచ్చేదాకా కోయించకండి. 60 సెంటీమీటర్ల హాబ్‌కి రంధ్రం మామూలుగా 56 బై 48 ఉంటుంది కానీ మోడల్‌ని బట్టి మారుతుంది, గుండ్రని మూలలు, నలుచదరం మూలలు అని తేడాలు కూడా ఉంటాయి. "అన్నీ ఒకే సైజు మేడమ్" అని కార్పెంటర్ అంటే నమ్మకండి. మన గట్టు వెడల్పు సాధారణంగా రెండడుగులు, అంటే దాదాపు 60 సెంటీమీటర్లు, అందులో 48 కోసేస్తే ముందూ వెనకా మిగిలేది సన్నటి పట్టీలే. ముందు పట్టీ మీదే మనం బరువంతా మోపి నిలబడతాం, పాత్రలు ఆనిస్తాం. దాని కింద ఇనుప పట్టీ గానీ చెక్క ఆధారం గానీ పెట్టించమని ఇప్పుడే చెప్పండి, పగిలాక గ్రానైట్ అతికించడం చూడ్డానికి బాగోదు.

ఎత్తు కూడా చూసుకోండి. గట్టు మీద పెట్టే స్టవ్ దాని సొంత ఎత్తు ఓ మూడు నాలుగు అంగుళాలు కలుపుకుంటుంది, హాబ్ గట్టుకి సమంగా కూర్చుంటుంది. పొట్టిగా ఉన్నవాళ్లకి పెద్ద గిన్నెలో గరిట తిప్పేటప్పుడు ఈ తేడా భుజాలకి తెలుస్తుంది. అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు హాబ్‌ని మెచ్చుకున్నది ఈ ఒక్క విషయంలోనే.

ఇక షోరూంలో ఎవరూ చెప్పనిది, నేను అసలు ముఖ్యం అనుకునేది హాబ్ కింద ఏముందన్నది. మంట నీలంగా మండాలంటే గ్యాస్‌తో పాటు గాలి కూడా కలవాలి. కొన్ని బర్నర్లు ఆ గాలిని పైనుంచి తీసుకుంటాయి, చాలా హాబ్‌లు మాత్రం కిందనుంచి, అంటే క్యాబినెట్ లోపల్నుంచి తీసుకుంటాయి. అక్క వాళ్ల కార్పెంటర్ చక్కగా, గట్టిగా, గాలి చొరబడకుండా క్యాబినెట్ మూసేశాడు. మంట పసుపచ్చగా రావడం, గిన్నెల అడుగు మసి పట్టడం మొదలైంది. సర్వీస్ మనిషి వచ్చి బర్నర్లు శుభ్రం చేశాడు, జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రమున్న ముక్కలు) మార్చాడు, ఏం లాభం లేదు. చివరికి క్యాబినెట్ వెనకాల, తలుపుల్లో జాలీ పెట్టిస్తే సర్దుకుంది. హాబ్ కొనేటప్పుడు "గాలి కిందనుంచా పైనుంచా" అని అడగండి. కిందనుంచి అయితే దాని కింద డ్రాయర్లు నిండా పెట్టించకండి.

ఆ జాలీలు భద్రతకి కూడా కావాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, కాబట్టి క్యాబినెట్‌లో సిలిండర్ ఉంటే కింది వైపు రంధ్రాలు ఉండి తీరాలి. పైపు గ్యాస్ ఎక్కువగా మీథేన్, అది తేలిక, పైకి పోతుంది, కాబట్టి పైనా ఉండాలి. మీకు ఇవాళ అది, రేపు ఇది కాబట్టి రెండు చోట్లా పెట్టించుకోండి. హాబ్‌తో ఇంకో చిక్కు, రబ్బరు పైపు కంటికి కనబడదు. మామూలు స్టవ్ అయితే రోజూ తుడుస్తూ చూస్తాం, పగుళ్లు వస్తే తెలుస్తుంది. అందుకని ఐఎస్ఐ గుర్తున్న సురక్షా పైపే వేయించి, దాని మీదున్న తేదీ చూసుకుని, అయిదేళ్లకోసారి మార్చండి. హాబ్ అడుగున వేడి తగిలేలా పైపుని చుట్టి పెట్టకుండా చూసుకోండి. వంగి చూడ్డానికి వీలుగా అక్కడ ఒక తలుపు ఉండాలి.

పైపు గ్యాస్ విషయం. సిలిండర్ గ్యాస్‌కి ఉన్న జెట్లు దీనికి పనికిరావు. మీథేన్‌లో అంతే పరిమాణానికి వేడి తక్కువ, ప్రెషర్ కూడా తక్కువ, కాబట్టి జెట్ రంధ్రం పెద్దది కావాలి. మాకు లైన్ వచ్చినప్పుడు షాపు తరఫున వచ్చిన అబ్బాయి "ఏం మార్చక్కర్లేదు, నడుస్తుంది" అని వెళ్లిపోయాడు. నడిచింది, కానీ కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే పనైపోయింది. తర్వాత గ్యాస్ లైన్ వాళ్ల మనిషి జెట్లు మార్చాకే వంట మళ్లీ దారిలో పడింది. తిరగేసి చేస్తే, అంటే పైపు గ్యాస్ జెట్లతో సిలిండర్ పెడితే మాత్రం మంట ఎగిసిపడుతుంది, అది ప్రమాదం. కాబట్టి ఎంచుకున్న మోడల్‌కి పైపు గ్యాస్ జెట్ల కిట్ దొరుకుతుందా అని బిల్లు కట్టక ముందే అడగండి. బయట దేశం నుంచి వచ్చిన మోడళ్లలో విడిభాగాల దగ్గర చాలామంది ఇరుక్కుంటున్నారు.

గ్లాసా స్టీలా అంటే, నాకు గ్లాస్ తుడవడం సులువు, అంతే. టఫెన్డ్ గ్లాస్ మామూలు బరువుకి పగలదు కానీ అంచు మీద దెబ్బ తగిలినా, బర్నర్ కంటే చాలా పెద్ద పాత్ర పెట్టి గంటలకొద్దీ మండించినా (వేడి కిందకి తిరిగి కొడుతుంది), బాగా వేడిగా ఉన్నప్పుడు తడిగుడ్డ వేసినా ఒక్కసారిగా చిన్న ముక్కలైపోవచ్చు. మీ ఇంట్లో ఆవకాయ నూనె కాచడం, పెద్ద గుండిగల్లో వండటం తరచూ ఉంటే స్టీల్‌దే తీసుకోండి, గీతలు పడతాయి, పడనీయండి. పాలు పొంగినప్పుడు లోపలికి కారిపోని బర్నర్ చూసుకోవడం గ్లాస్ రంగు కంటే ముఖ్యం. మామూలు స్టవ్ ఎత్తి కింద కడుక్కోవచ్చు, హాబ్‌ని ఎత్తలేం. ఇత్తడి బర్నర్, పోత ఇనుము స్టాండ్ ఉంటే మన్నుతాయి. ఆటో ఇగ్నిషన్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, మా ఇంట్లో మొదట మొరాయించింది అదే, లైటర్ డ్రాయర్‌లోంచి ఎక్కడికీ పోలేదు.

ఇల్లు మారే ఆలోచన ఉంటే హాబ్‌టాప్ అని దొరుకుతుంది, గట్టు మీద స్టవ్‌లా పెట్టుకోవచ్చు, కావాలంటే లోపలికి బిగించుకోవచ్చు. అద్దె ఇళ్ల వాళ్లకి అదే నయం.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఫ్లేమ్ ఫెయిల్యూర్ ఉంటే అన్నీ సరిపోతాయని అమ్మేవాళ్లు చెప్తారు. అది చేసే పని వేరు. మంట పక్కన చిన్న పుల్లలాంటి థర్మోకపుల్ ఉంటుంది, మంట వేడి తగిలినంతసేపు గ్యాస్ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది, పాలు పొంగో గాలికో మంట ఆరిపోతే అది చల్లబడి గ్యాస్ తనంతట తానే ఆగిపోతుంది. చాలా అవసరం, తప్పకుండా ఉన్నదే కొనండి. కానీ మంట వెలుగుతుండగానే ఆవిడ మర్చిపోయి టీవీ ముందు కూర్చుంటే అది ఏమీ చెయ్యదు, గిన్నె మాడిపోతూనే ఉంటుంది. ఇంకోటి, వెలిగించేటప్పుడు నాబ్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి, వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అది కష్టం. మా అమ్మ రెండుసార్లు ప్రయత్నించి "మీ పొయ్యి మీరే వెలిగించుకోండి" అంది.

అందుకే పక్కన ఇండక్షన్ పెట్టమన్నాను. దానికి టైమర్ ఉంటుంది, గిన్నె తీసేస్తే ఆగిపోతుంది. మీవారు అన్నట్టు మొత్తం ఇండక్షనే అంటే మాత్రం నేను ఒప్పుకోను. పుల్కా మంట మీద పొంగాలి, వంకాయ కాల్చాలి, అప్పడం కాల్చాలి, గుండ్రటి అడుగున్న మూకుడు దాని మీద కూర్చోదు, అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అయస్కాంతం అంటుకున్న పాత్రలే పనికొస్తాయి, ఇంట్లో ఫ్రిజ్ మీదున్న బొమ్మ తీసి ఒక్కో గిన్నె అడుగున పెట్టి చూడండి. నాలుగు జోన్ల (నాలుగు గిన్నెలు పెట్టుకునే) బిల్ట్-ఇన్ ఇండక్షన్ అయితే 7 కిలోవాట్ల వరకు లాగుతుంది, దానికి విడిగా లైను కావాలి, మీ శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కి కరెంటు వాళ్లు మంజూరు చేసిన కిలోవాట్లు) కూడా పెంచుకోవాల్సి రావచ్చు.

ఖర్చు లెక్క కూడా అడిగారు. 14.2 కిలోల సిలిండర్‌లో ఉండే వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుకి సమానం. గ్యాస్ స్టవ్‌కి ఐఎస్ఐ ప్రమాణం అడిగే కనీస సామర్థ్యం (మొత్తం వేడిలో గిన్నెకి చేరే వంతు) 68 శాతం, ఇండక్షన్‌కి 85 శాతం వేసుకుందాం. అలా చూస్తే ఒక సిలిండర్ పనికి ఇండక్షన్ మీద దాదాపు 145 యూనిట్లు అవుతాయి. దాన్ని మీ కరెంటు బిల్లులో చివరి స్లాబ్ రేటుతో గుణించండి, మొదటి స్లాబుతో కాదు, ఎందుకంటే ఈ యూనిట్లన్నీ పైన వచ్చి చేరేవే. వచ్చిన దాన్ని మీ సిలిండర్ ధరతో పోల్చుకోండి.

సింగిల్ ఇండక్షన్ 2000 వాట్లయితే దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది, కాబట్టి మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలదు, గట్టు మీద 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి ఇప్పుడే వేయించండి, టైల్స్ అతికించాక గోడ కొట్టించడం నరకం. అత్తగారి కోసమైతే టచ్ ప్యానెల్ కాకుండా బటన్లు ఉన్నది చూడండి, తడి వేళ్లకి టచ్ స్పందించక ఆవిడకి విసుగొస్తుంది. ఆవిడ టీ గిన్నె, పాలగిన్నె అయస్కాంతం అంటుకునే స్టీల్‌వి రెండు కొని ఆ స్టవ్ పక్కనే ఉంచండి. ఆవిడకి గుండెలో పేస్‌మేకర్ ఉంటే మాత్రం ఇండక్షన్ వాడే ముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి.