మలేషియా చైనీయులనూ భారతీయులనూ పోల్చబోతున్న మా అమ్మాయికి

చి॥ మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదన చదివాను. మలేషియాలో స్థిరపడ్డ చైనా సంతతి వాళ్ల బతుకునూ, మన దేశం నుంచి వెళ్లినవాళ్ల సంతతి బతుకునూ పక్కపక్కన పెట్టి చూస్తానన్నావు. మంచి విషయం ఎంచుకున్నావు తల్లీ. ఒకే దేశం, ఒకే తెల్లదొరల పాలన, ఇంచుమించు ఒకే కాలంలో వలస. ఇన్ని తరాల తర్వాత చూస్తే ఇద్దరూ ఒకచోట లేరు. ఎందుకు లేరన్నది అడిగి తీరాల్సిన ప్రశ్న.

అయితే నువ్వు మొదటి పేజీలో ఆదాయాల పట్టిక వేసి, రెండో పేజీలోనే ‘పొదుపు సంస్కృతి’, ‘వ్యాపార దృష్టి’ అంటూ కారణాల్లోకి దిగిపోయావు. అక్కడ ఆగమంటున్నాను. తోట కూలీల చరిత్ర మీద చాలాకాలం పనిచేశాను కాబట్టి ఆ పట్టికకీ ఆ కారణాలకీ మధ్య ఎంత చదవాలో, ఎంత తిరగాలో నాకు తెలుసు.

ముందు పట్టిక సంగతి చూద్దాం. 2019 గృహ ఆదాయ సర్వే ప్రకారం నెలసరి మధ్యగత ఆదాయం, అంటే వరుసలో సరిగ్గా మధ్యన నిలిచే కుటుంబం ఆదాయం, చైనా కుటుంబాల్లో 7,391 రింగిట్లు, భారతీయ కుటుంబాల్లో 5,981, మలయ్‌లూ ఇతర స్థానికులూ కలిసిన భూమిపుత్రుల్లో 5,420. దేశం మొత్తానికి 5,873. ఇవి చూస్తే భారతీయులు దేశపు మధ్యగతం కంటే కాస్త పైనే ఉన్నారు, దిగులు పడాల్సిందేమీ లేదు అనిపిస్తుంది. ఇలా అనిపించడం వల్లే తోటల్లోంచి వచ్చిన పేదలు ఎన్నో ఏళ్లు ఎవరి కంటా పడలేదు. ఆ ‘భారతీయులు’ అన్న గడిని ముందు విడదియ్యి. అందులో రబ్బరు పాలు తీసిన కూలీల మనవలున్నారు. తోట ఆఫీసులో గుమస్తాలుగా వచ్చిన మలయాళీల పిల్లలున్నారు. రైల్వేలోనూ సర్కారు కొలువుల్లోనూ చేరిన జాఫ్నా తమిళుల సంతతి ఉంది. వాళ్లది శ్రీలంక అయినా జనగణనలో ఈ గడిలోనే పడతారు. పోలీసులుగా వచ్చిన పంజాబీలు, వడ్డీ వ్యాపారం చేసిన చెట్టియార్లు, బట్టల కొట్లు పెట్టిన గుజరాతీలు, సింధీలు ఉన్నారు. ఆ దేశంలో డాక్టర్లు, లాయర్లలో భారతీయులు తమ జనాభా వాటాకు మించి కనిపించడానికి మూలం చాలావరకు కూలీలు కాని ఈ రెండో రకం కుటుంబాల్లో ఉంది. వాళ్ల సంపాదన కలిస్తే మధ్యలో అంకె పైకి లేస్తుంది, అడుగున ఉన్నవాడు మాత్రం అక్కడే ఉంటాడు.

చైనా వైపూ ఇంతే. హొక్కియన్లు, కాంటనీయులు, హక్కాలు, తియోచ్యూలు, హైనానీయులు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి వేర్వేరు పనుల్లో కుదిరినవాళ్లు. కౌలాలంపూర్ కోటీశ్వరుడూ, పేరాక్ రాష్ట్రంలోని ఒక పాత గుడిసెల ఊళ్లో పిల్లలు నగరాలకు పోగా ఒంటరిగా మిగిలిన ముసలాయనా ఒకే గడిలో ఉంటారు. చైనీయులంటే తవుకేలే, అంటే షావుకార్లే, అన్న మాట అక్కడ అందరి నోటా వినిపిస్తుంది. దాన్ని నీ కాగితం మీదికి రానివ్వకు.

ఇక వాళ్లు వచ్చిన దారి. నీ పరిశోధనలో ఎక్కువ పేజీలు దీనికే ఇవ్వు.

పంతొమ్మిదో శతాబ్దంలో పేరాక్‌లోని లారుత్, కింతా లోయల్లో తగరం గనులు తవ్వించినవాళ్లు చైనీయులే, తవ్వినవాళ్లూ చైనీయులే. కూలీ అప్పు మీద ఓడెక్కేవాడు, ఆ అప్పు తీరేదాకా చాకిరీ. నల్లమందు, జూదం, జ్వరాలు, ముఠాల కొట్లాటలు. ఆ బతుకు తోట బతుకు కంటే సుఖమైనదేమీ కాదు. కాకపోతే గని యజమానీ, అప్పిచ్చినవాడూ, బియ్యం కొట్టువాడూ, కూలీలను కుదిర్చినవాడూ అందరూ అదే భాషవాళ్లు. అప్పు తీర్చి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, బతికి బట్టకట్టినవాడికి పై మెట్టు కళ్లెదుట ఉండేది. కొట్లో గుమస్తాగా చేరొచ్చు, చిన్న కాంట్రాక్టు పట్టొచ్చు, నలుగురితో కలిసి ‘హుయి’ కట్టొచ్చు. హుయి అంటే మన చీటీపాటే. ఊరిపేరు సంఘాలూ, ఇంటిపేరు సంఘాలూ ఉండేవి. కొత్తగా దిగినవాడికి పడుకోను చోటు చూపేదీ, చచ్చిపోతే పాతిపెట్టేదీ అవే. గనుల చుట్టూ ఊళ్లు లేచాయి, ఆ ఊళ్లలో దుకాణాలు వాళ్లవి. 1910ల తర్వాత డ్రెడ్జర్లనే పెద్ద తవ్వకపు యంత్రాలతో బ్రిటిష్ కంపెనీలు తగరాన్ని చేజిక్కించుకున్నాయి. అప్పటికి ఊరి వ్యాపారం వాళ్ల చేతుల్లో గట్టిపడింది.

మనవాళ్లను దించింది రబ్బరు తోటల్లో. మలయాకు, అంటే నాటి మలేషియాకు, కట్టుబడి కూలీ పద్ధతి (ఇన్నేళ్లు పని వదలనని ఒప్పందం రాయించుకుని తీసుకెళ్లడం) 1910లో ఆగింది. దాని స్థానంలో బలపడింది కంగాణి పద్ధతి. తోటలో నమ్మకంగా పనిచేసే కూలీని దొర తన ఖర్చుతో సొంతూరికి పంపేవాడు. అతను తన కులంవాళ్లనీ చుట్టాలనీ వెంటబెట్టుకుని వచ్చేవాడు. తీసుకొచ్చినందుకు తలకింత, తర్వాత వాళ్లు పనిలోకి వచ్చిన ప్రతి రోజుకూ తలకింత అతనికి ముట్టేది. 1938లో భారత ప్రభుత్వం దారిఖర్చులిచ్చి కూలీలను తీసుకెళ్లే వలసను ఆపేదాకా ఇది సాగింది. దీని ఫలితం ఆలోచించు. ఊరి పెత్తనం, కులం, అప్పు అన్నీ కంగాణి చేతిలో మూటగట్టి సముద్రం దాటించారు. తోట యజమాని లండన్ కంపెనీ, మేనేజరు దొర, ఆఫీసులో మలయాళీ గుమస్తా. కూలీకి ఎదగడానికి మిగిలిందల్లా కంగాణి పని ఒక్కటే. అదే తోటలో కాంట్రాక్టు మీద వచ్చిన చైనా కూలీకి ఎక్కువ ముట్టేది. నచ్చకపోతే గనికో, పట్నానికో పోయే దారి అతనికుంది. మనవాళ్ల కూలి తక్కువగా ఉంచడానికే తోట యజమానుల దగ్గర వసూలు చేసి సర్కారు నడిపిన నిధితో ఇక్కణ్ణుంచి మనుషుల్ని ఆగకుండా దించారు.

నీ పట్టికల్లో లేని ఒక్క విషయం చేర్చమంటే నేను చేర్చమనేది ఇల్లు. తోట కూలీ కాపురం లైన్లలో, అంటే తోటవాళ్లు కట్టిన వరుస గదుల్లో. ఆ ఇల్లు తోటది, ఆ నీటి కుళాయి తోటది, బడి తోటది, ఆస్పత్రి తోటది, కల్లు దుకాణమూ తోటలోనే. పని పోతే ఇల్లు పోతుంది. మూడు తరాలు చాకిరీ చేసినా తాకట్టు పెట్టుకోవడానికి గజం స్థలం లేదు. 

దీని పక్కన చైనీయుల ‘కొత్త గ్రామాలు’ పెట్టి చూడు. 1948లో కమ్యూనిస్టుల తిరుగుబాటు మొదలయ్యాక, 1950 బ్రిగ్స్ పథకం కింద అడవి అంచుల్లో సాగు చేసుకుంటున్న దాదాపు ఐదు లక్షల మందిని, ఎక్కువగా చైనీయులను, బలవంతంగా లేపి ముళ్లకంచెల మధ్య పడేశారు. ఘోరమైన పని అది, సందేహం లేదు. అయినా ఆ గ్రామాలు రోడ్ల పక్కన, పట్నాలకు దగ్గరగా లేచాయి. బడి వచ్చింది, కరెంటు వచ్చింది, కౌలు మీదైనా ఇంటిస్థలం వచ్చింది. కంచెలు తీసేశాక అవి చిన్న పట్నాలయ్యాయి. తోట లైన్లు మాత్రం తోట అమ్మిన రోజున నేలమట్టమయ్యాయి.

తోటలు రెండు విడతలుగా చేతులు మారాయి. 1950లలో, 60లలో బ్రిటిష్ కంపెనీలు ముక్కలు చేసి అమ్ముకుంటుంటే, కూలీల డబ్బుతోనే తోటలు కొనడానికి 1960లో అక్కడి భారతీయుల పార్టీ నాయకుడు వి.టి. సంబంధన్ ఒక సహకార సంఘం పెట్టాడు. నేషనల్ లాండ్ ఫైనాన్స్ కోఆపరేటివ్ సొసైటీ దాని పేరు. దాని మీద విడిగా ఒక అధ్యాయం రాయొచ్చు, రాయి కూడా. తర్వాత రబ్బరు కొట్టి పామాయిల్ వేశారు, ఇండోనేషియా, బంగ్లాదేశ్ కూలీలు వచ్చారు. కౌలాలంపూర్ చుట్టూ ఉన్న క్లాంగ్ లోయలో తోటలు కాలనీలూ హైవేలూ అయ్యాయి. లైన్లు ఖాళీ చేసినవాళ్లు నగరం అంచున గుడిసెల్లోకీ, ఇరుకు ఫ్లాట్లలోకీ చేరారు. ఏ నైపుణ్యం చేతిలో పెట్టుకుని చేరారు? పొద్దు పొడవకముందే లేచి రబ్బరు చెట్టు గీయడం. నగరంలో ఆ పనికి ఎవరు కూలి ఇస్తారమ్మా?

1969 మే 13న మలయ్‌లకూ చైనీయులకూ మధ్య జరిగిన అల్లర్లూ, మలయ్‌లకు చదువుల్లో, ఉద్యోగాల్లో, కంపెనీ వాటాల్లో కోటాలు పెడుతూ 1971లో మొదలైన కొత్త ఆర్థిక విధానమూ నీ ప్రతిపాదనలో బాగానే వచ్చాయి. ఒకటి సరిచూసుకో. తేడా అంతా ఆ విధానంతో పుట్టిందన్నట్టు రాశావు. 1970 నాటికే పేదరికం చైనీయుల్లో సుమారు 26 శాతం, భారతీయుల్లో 39 శాతం, మలయ్‌లలో 65 శాతం. కంపెనీల వాటాల్లో చైనీయులది 27.2 శాతం, భారతీయులది 1.1, మలయ్‌లది 2.4, అరవై శాతానికి పైగా విదేశీయులది. ఆ 65 శాతాన్ని చూడకుండా ఆ విధానాన్ని అర్థం చేసుకోలేవు. మలయ్‌ల పేదరికాన్ని నీ వ్యాసంలోంచి తప్పించావంటే అది అన్యాయమవుతుంది. 1990 నాటికి మలయ్‌ల వాటా 19.3కి పెరిగింది, చైనీయులది 45.5కి పెరిగింది, భారతీయులది 1.0 దగ్గరే ఉండిపోయింది. కోటాలు ఇద్దరికీ అడ్డుపడ్డాయి. చైనీయులకు నిలదొక్కుకోవడానికి సొంత పెట్టుబడీ సొంత బడులూ ఉన్నాయి. తోట జనానికి సర్కారు తప్ప దిక్కు లేదు, సర్కారు దృష్టి మలయ్ పల్లెల మీద ఉంది. తోట ప్రైవేటు ఆస్తి కాబట్టి పల్లెలకిచ్చిన నీళ్లూ కరెంటూ కూడా అక్కడికి వెళ్లలేదు. ఇంకా దారుణం, 1969 తర్వాత పౌరసత్వం లేనివాళ్లకు పని పర్మిట్ తప్పనిసరి చేసేసరికి వేలమంది తోట కూలీలు పుట్టి పెరిగిన నేల వదిలి ఇండియా ఓడెక్కారు. ఉన్నవాళ్లలో కొందరి పిల్లలు పుట్టిన కాగితం లేక ఇప్పటికీ బడికీ బ్యాంకుకీ దూరంగా ఉన్నారు. ఏ సర్వే పట్టికలోనూ వాళ్లు సరిగా ఎక్కరు. 2007 నవంబరు 25న కౌలాలంపూర్ వీధుల్లోకి హిండ్రాఫ్ అనే హిందువుల హక్కుల సంస్థ పిలుపు మీద వేలమంది ఎందుకొచ్చారో ఇదంతా చదివాకే తెలుస్తుంది.

బడుల గురించి క్లుప్తంగా చెప్తాను. తమిళ బడి ప్రాథమిక స్థాయితో ఆగిపోతుంది. చైనా బడులకు దాని పైన ప్రభుత్వ సాయం లేని స్వతంత్ర ఉన్నత పాఠశాలలు అరవై దాకా ఉన్నాయి. 1961 విద్యా చట్టం తర్వాత భాష మార్చుకోమంటే ఒప్పుకోక, చందాలతో నిలబెట్టుకున్నవి అవి. ఆ చందా ఇవ్వగల షావుకారు ఊళ్లో ఉన్నాడు కాబట్టి నిలబడ్డాయి.

ఇప్పుడు ‘స్వభావం’ మాట. తోట తమిళుడు తాగి చెడ్డాడు, చైనావాడు కూడబెట్టి బాగుపడ్డాడు అని నీకు చాలామంది చెబుతారు, చదువుకున్న భారతీయులే ముందు చెబుతారు. విను, రాసుకో, కారణంగా మాత్రం పెట్టకు. లైన్ల పక్కన కల్లు దుకాణం పెట్టిందెవరు, దాని రాబడి ఎవరికి పోయింది అని వెతుకు. అలాగే చైనా గని కూలీల నల్లమందు మీద పన్ను తెల్లదొరల ప్రభుత్వ ఖజానాను ఎంతకాలం నింపిందో చూడు. రెండు జాతుల కూలీలకూ మత్తు అమ్మి సొమ్ము చేసుకున్న పాలన ఒకటే. పొదుపు చేయాలంటే మిగలాలి. వాన పడి చెట్టు గీయకపోతే ఆ రోజు కూలి లేని మనిషికి ఏం మిగులుతుంది?

మన తెలుగువాళ్ల సంగతి అడిగావు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువమంది బర్మా వెళ్లారు, కొందరు మలయా చేరారు. పేరాక్ దక్షిణాన బాగన్ దాతో వైపు తోటల్లో వాళ్ల సంతతి ఉంది. ఒకప్పుడు తెలుగు బడులూ నడిచాయి. 1955లో పెట్టుకున్న మలయా ఆంధ్ర సంఘమే నేటి మలేషియా తెలుగు సంఘం. వాళ్లను విడిగా చూడు గానీ, మనవాళ్లన్న అభిమానంతో అంకెలను వంచకు. హైదరాబాదు నుంచి ఈమధ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లను ఈ లెక్కలో అసలు కలపొద్దు. వాళ్లు వేరే వలస, వేరే పాస్‌పోర్టు.

వెళ్లేముందు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూర్చో. 1922 వలస చట్టం తర్వాత మలయాలో ఉన్న భారత ప్రభుత్వ ఏజెంటు ఏటా పంపిన నివేదికలు చదువు. కూలి రేట్లు, జబ్బులు, బడుల లెక్కలు వాటిలో దొరుకుతాయి. అక్కడికి చేరాక నగరంలో ప్రొఫెసర్లతో ఎక్కువకాలం గడపకు. కింతా లోయలో ఒక కొత్త గ్రామం, క్లాంగ్ దగ్గర తోట ఖాళీ చేసినవాళ్ల ఫ్లాట్లు, ఈ రెండూ ఎంచుకుని రెండుచోట్లా అవే ప్రశ్నలు అడుగు. ‘ఆదాయమెంత’ అని మొదలుపెట్టకు. తాత ఏ ఊరివాడు, ఏ ఓడలో ఎవరి మాట మీద వచ్చాడు, మొదటి ఇల్లు ఎవరి పేర మీద ఉండేది, పని పోయినప్పుడు ఎవరు అప్పిచ్చారు, ఎంత వడ్డీకి. ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి అడుగు. తోటలో సగం పని వాళ్లదే, పసిపిల్లల్ని ఆయా దగ్గర వదిలి చీకట్లో చెట్ల మధ్యకి వెళ్లింది వాళ్లే, మగవాళ్లు మర్చిపోయిన లెక్కలు వాళ్లకు గుర్తుంటాయి.

తమిళం మాట్లాడటం ఈ నెలలోనే మొదలుపెట్టు, మలయ్ కొంత నేర్చుకో. చైనా గ్రామానికి ఆ ఊరి భాష తెలిసిన మనిషిని తోడు తీసుకెళ్లు, ఆ ఖర్చు ఇప్పుడే బడ్జెట్లో రాసుకో. ప్రశ్నావళి తయారయ్యాక నాకు పంపు. ఇంటి గురించిన ప్రశ్నలు ఎన్నో పేజీలో పెట్టావో ముందు అదే చూస్తాను.

ప్రేమతో,
మీ పెదనాన్న