మొదటి సినిమా 61 ఏళ్లు నిండాక

చిరంజీవి బాబుకు ఆశీస్సులు.

లండన్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. నటనలో శిక్షణ ముగిసి రెండేళ్లయినా ఉత్తరం తెచ్చిచ్చే నౌకరు వేషాలే దొరుకుతున్నాయన్నావు. ఒళ్లు తగ్గితేనే సినిమాలకు పనికొస్తావని ఎవరో చెప్పారన్నావు. ఆరోగ్యం కోసమైతే తప్పకుండా తగ్గు. వేషం కోసమైతే ముందు ఆ లావుపాటి హాలీవుడ్ నటుడు సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్‌ని చూడు.

ఆయనది కెంట్‌లోని శాండ్‌విచ్. 1879లో పుట్టాడు. తేయాకు పండిద్దామని సిలోన్ వెళ్లి, వానలు మొహం చాటేస్తే తిరిగొచ్చాడు. పొద్దుపోక నటన నేర్చుకుని 1902లో రంగస్థలం ఎక్కాడు. తర్వాత దాదాపు నలభై ఏళ్లు నాటకాలే. బెన్ గ్రీట్ బృందంలో షేక్‌స్పియర్ కూడా ఆడాడు. మొదటి సినిమా 1941లో, 'ద మాల్టీస్ ఫాల్కన్'. దానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

ఆ సినిమాను ఒకసారి కళ్లు మూసుకుని విను. అంత పొడుగు వాక్యాలను ఆ భారీ మనిషి ఎక్కడా ఆయాసపడకుండా, నవ్వును నంజుకుంటూ చెబుతాడు. ఆ ఊపిరి నాటకం ఇచ్చిందే. కానీ గొంతు మాత్రం గదికి తగ్గట్టే ఉంటుంది. నాకు ఆ తెలివి లేకపోయింది. మొదటిసారి కెమెరా ముందు నిలబడి, పరిషత్తు పోటీల్లో చివరి వరుసకు వినిపించే గొంతుతో అందుకున్నాను. సౌండ్ చూసే కుర్రాడు చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు!

ఇంకోసారి శబ్దం ఆపేసి చూడు. కెమెరా కింది నుంచి చూస్తుంటే ఆ పొట్ట తెరంతా ఆక్రమిస్తుంది. నీకు తగ్గించుకోమన్నదే ఆయనకు ఆస్తి.

'కాసాబ్లాంకా' సినిమాలో వ్యాపారి వేషం, ఆయనవి నాలుగు ముక్కలే. తెల్ల సూటు, ఫెజ్ టోపీ, మాటల మధ్య ఈగను ఒక్క దెబ్బ. ఆ వ్యాపారి ఎలాంటివాడో అర్థమైపోతుంది. అంతటివాడూ మొదటి సినిమాలో షాట్‌కు ముందు భయంతో కథానాయిక మేరీ ఆస్టర్‌ని తన చెయ్యి పట్టుకోమన్నాడట. నీకు కాళ్లు వణికితే సిగ్గుపడకు.

ఇక నీ నౌకరు సంగతి. వాడు ఆ ఉత్తరం దొంగతనంగా చదివాడా? ఏ చేత్తో అందిస్తాడు? ఇచ్చాక వెంటనే వెళ్తాడా, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడా? తేల్చుకుని నాకు రాయి. అక్కయ్యకు ఫోను చెయ్యి, బెంగపడుతోంది.

నీ మామయ్య