ఖర్చు చెరిసగం, చాకిరీ ఒక్కరిదే: పర్లాకిమిడి చెల్లెమ్మకు సమాధానం

ఇంటి ఖర్చు మీరూ మీ ఆయనా చెరిసగం పెడుతున్నా, ఇంటిపనీ అత్తగారి సేవా మీ ఒక్కరి మీదే పడ్డాయని, ఇది న్యాయమేనా అని అడిగారు. మీరు చెప్పిన లెక్క ఇదీ: ఆయన జీతం 28,000, మీ కుట్టుపని రాబడి 12,000, ఇంటి ఖర్చు 20,000, చెరిసగం. అంటే నెలాఖరుకి ఆయన చేతిలో 18,000, మీ చేతిలో 2,000.

రాబడిని బట్టి వేస్తే ఆయన 14,000, మీరు 6,000 పెట్టాలి. నన్నడిగితే ఇదీ చాలదు. అత్తగారిని చూసుకోడానికే కదా మీరు మిషన్ ముందు కూర్చునే గంటలు తగ్గించుకున్నది! రెండు రాబడులూ కలిపి, ఖర్చు తీసేసి, మిగిలిన 20,000 చెరో 10,000 తీసుకోండి. పెళ్లిళ్ల సీజన్లో మీ రాబడి పెరుగుతుంది, ఆషాఢంలో పడిపోతుంది. అందుకని మూడు నెలల సగటు పట్టండి. దారం, కరెంటు, మిషన్ రిపేరు ముందే తీసేయాలి, చాలామంది మరిచిపోయేది అదే.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు (ఏడాదికి 10,000, రెండు విడతలు) ఇందులో కలపొద్దు. ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తోందన్నారు. బ్యాంకులో నంబరు మారిస్తే ఆధార్‌లో మారదు, రెండు చోట్లా విడిగా మార్చుకోవాలి. ఆధార్ కేంద్రంలో మార్పించుకునేట్టయితే మీరే స్వయంగా వెళ్లాలి.

ఇక చాకిరీ. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లకి రోజుకి 289 నిమిషాలు పడుతోంది, మగవాళ్లకి 88. ఓ వారం ఇద్దరి పనీ గంటలతో సహా రాయండి, రాత్రిపూట లేవడం కూడా. తర్వాత ఒక పని మొత్తంగా అప్పగించండి. అత్తగారి బీపీ మాత్రల పని ఆయనదంటే, అవి అయిపోతున్నాయని గమనించడం, కొనడం, బరంపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం అన్నీ ఆయనవే. మీరు గుర్తుచేస్తుంటే అది మళ్లీ మీ నెత్తికే వస్తుంది. మందు ఆగిపోకుండా ఇంట్లో పదిరోజుల నిల్వ ఉంచి, ఆపైన గుర్తుచేయడం మానేయండి.