నీళ్ల ట్యాంకు వెనక దాక్కున్న నానీకి

నానీ,

నిన్న సాయంత్రం నీ ఫ్రెండ్ బండి మీద వచ్చి మూడుసార్లు హారన్ కొట్టాడు. మీ చెల్లి బయటికొచ్చి "అన్నయ్య లేడు" అంది. నువ్వేమో డాబా మీద ట్యాంకు వెనక నిలబడి ఉన్నావు. చేతిలో మీ నాన్న లుంగీ, ఇంకా పిండలేదు, నీళ్లన్నీ నీ కాళ్ల మీదే కారుతున్నాయి. మా వరండాలోంచి అంతా కనిపిస్తుందిరా. ఎదురుపడి అడిగితే "అదేం లేదు మావయ్యా" అని తప్పించుకుపోతావు. అందుకే రాస్తున్నాను.

ఆటో నడిపే మీ నాన్న ఒక్క రాత్రిలో పక్షవాతంతో మంచాన పడ్డాడు. మీ అమ్మ తెల్లవారుజామున ఐదింటికే రొయ్యల కంపెనీ బస్సెక్కుతుంది. నువ్వు చూస్తే ఇంటర్ సెకండియర్. నాన్నకి స్నానం, చెల్లికి జడ, సాయంత్రం బీచ్ రోడ్డులో టిఫిన్ బండి దగ్గర పని. పదిహేడేళ్లకి ఇది ఎక్కువే.

1978లో నాకు పదహారేళ్లు. మా నాన్న పనిలో పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కంచరపాలెంలో మాది రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలోకి రాగానే ఫినాయిల్ వాసన, మందుల వాసన, వాటి కింద ఇంకో వాసన. ఎంత కడిగినా పోదు, నీకు చెప్పక్కర్లేదు. టైం లేక సత్తిబాబుతో తిరగడం మానేశానని అందరికీ చెప్పేవాణ్ని. అబద్ధం. వాడు ఆ గుమ్మం దాటి లోపలికొస్తాడేమోనని నా భయం.

ఒకరోజు వాడు సైకిల్ హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని వచ్చాడు. వాళ్లమ్మ పెట్టిన వంజరం పులుసు. మూత సందులోంచి కారి హ్యాండిలంతా ఎర్రటి నూనె. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి "మేమేం అడుక్కోవట్లేదు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. చొక్కా అంచుతో హ్యాండిల్ తుడుచుకుని సైకిల్ తిప్పుకుపోయాడు. లోపల్నుంచి మా నాన్న, "ఎవర్రా? పులుసు వాసనొస్తోంది?" అన్నాడు. ఆ పూట మాకు చారన్నమే.

ముప్ఫై ఏళ్ల తర్వాత సింహాచలం చందనోత్సవం క్యూలో కలిశాడు. గంటల తరబడి పక్కపక్కనే నిలబడ్డాం కాబట్టి మాటలొచ్చాయి. ఆ రోజు వాళ్ల నాన్న తాగొచ్చి వాణ్ని బెల్టుతో బాదాడట. పులుసు వట్టి వంక, నా పక్కన కూర్చుని ఏడవాలని వచ్చాడట. కష్టమంతా మా ఇంటికే వచ్చిందనుకున్నాను నేను. వాడి చొక్కా కింద ఏముందో నాకెలా తెలుస్తుంది, మొహమే సరిగ్గా చూడలేదు.

అందుకని, ఆ హారన్ కుర్రాడికి ఏదైనా పని చెప్పు. "ఎలా ఉన్నావురా" అని వాడడిగితే నువ్వు "బానే ఉన్నా" అంటావు, ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీదు. నాలుగుసార్లు అలా అయితే వాడు రావడం మానేస్తాడు. మీ వయసులో ఓదార్చడం ఎవరికీ చేతకాదు గానీ పని చెబితే పరిగెత్తుతారు. కెమిస్ట్రీ నోట్స్ ఫొటోలు పెట్టమను. జగదాంబ వైపు వెళ్తుంటే మందులు పట్రమ్మను. ముందుగా ఒక మెసేజ్ మాత్రం పెట్టు: "నాన్నకి బాలేదు, నాకు చిరాగ్గా ఉంటోంది, నీ మీద కోపం కాదు." అంతకు మించి కథంతా చెప్పక్కర్లేదు. జాలి పడతాడేమో అంటావా? పడనీ. రెండ్రోజులు పడతాడు, మూడో రోజు మళ్లీ నీ హెయిర్ కటింగ్ మీద జోకులేస్తాడు.

ఇంకోటి. నాన్న చంకల కింద చేతులేసి నువ్వొక్కడివే పైకి లాగుతున్నావు. అలా లాగితే చచ్చుబడిన వైపు ఆయన భుజం జారిపోతుంది, నీ నడుమూ పోతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, నిజమే. కానీ మంచంలో పైకి జరపాలంటే ఆయన కింద దుప్పటి మడతపెట్టి వేసి, ఇటొకరు అటొకరు పట్టుకుని ఒకేసారి జరపాలి. అది ఇద్దరి పని. మీ అమ్మ లేని టైంలో నన్ను కేకెయ్, లేదా ఆ కుర్రాణ్ని లోపలికి పిలు.

పింఛను కాగితాల పని నువ్వు పెట్టుకోకు. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకి నెలకి 15,000 రూపాయల పింఛను ఉంది. వార్డు సచివాలయంలో కనుక్కోవడం, డాక్టరు సర్టిఫికెట్ల కోసం తిరగడం గాజువాకలో ఉన్న మీ బాబాయి చూసుకోవాలి. "మావాడు బంగారం, ఇల్లంతా వాడే చూసుకుంటున్నాడు" అని పదిమందిలో చెప్పుకుంటున్నాడుగా, ఒక రోజు సెలవు పెట్టమను. ఆ మెచ్చుకోలుకే నేనూ పడిపోయాను అప్పట్లో. బంగారం అన్నాక ఇంక ఎవర్నీ సాయం అడగలేం.

రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టకపోతే 14416కి ఫోన్ చెయ్. టెలీమానస్ అంటారు, మనసు బాలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను. డబ్బులక్కర్లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నా రోజుల్లో ఉన్నా నేను చేసేవాణ్ని కాదేమో, అంత పొగరు. నువ్వు చెయ్.

ఆదివారం నాలుగింటికి మీ ఇంటికొస్తున్నాను. మీ నాన్నకి గడ్డం గీస్తాను, తర్వాత ఇద్దరం టీవీలో పాత సినిమా ఏదైనా చూస్తాం. టిఫిన్ బండాయనతో మాట్లాడాను, ఆ పూట నువ్వు రాకపోయినా ఫర్వాలేదన్నాడు. నువ్వు ఆ కుర్రాడి బండెక్కి ఆర్కే బీచ్‌కి పో, మురీ మిక్చర్ తినండి. ఆరున్నర లోపు "నాన్న ఎలా ఉన్నాడు" అని ఫోన్ చేశావో, ఎత్తను.

ఎదురింటి మావయ్య