సంగటి తింటే డాలర్లు మిగులుతాయి

అమెరికా చదువుకు బయల్దేరే కర్నూలు, కడప, అనంతపురం పిల్లలు మొదట అడిగేది "నెలకు ఎంతవుతుంది?" అని. అద్దె ఊరిని బట్టి ఉంటుంది, అది మన చేతిలో లేదు. తిండి ఖర్చు మాత్రం పూర్తిగా మన చేతిలోదే. అందులో సీమవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది: మనది వానలు సరిగా పడని నేల మీద పుట్టిన వంట. రాగులు, జొన్నలు, ఉలవలు, చెనిక్కాయలు (వేరుశనగలు), చింతపండు. ఇండియన్ స్టోర్‌లో చవగ్గా దొరికేవీ, నిలవుండేవీ ఇవే. రోజూ ఫ్రోజెన్ పరోటా, పనీర్ కూర అంటేనే జేబు చిల్లు.

ముందు పెట్టె సంగతి. బియ్యం మూట మోసుకురావద్దు. ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని ఇక్కడి కస్టమ్స్ ఒప్పుకోదు. పచ్చి కరివేపాకూ అంతే, నిమ్మజాతి చెట్లకు తెగులు తెస్తుందని. మాంసం పచ్చళ్లు అసలే వద్దు. ఇంట్లో కొట్టించిన కారం, పప్పులపొడి, ధనియాలపొడి తెచ్చుకోండి. తినే సామాను ఉందా అని అడిగితే ఉందనే చెప్పండి, దాచిపెడితేనే జరిమానా.

మిక్సీ తేవద్దు. మన కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. ప్లగ్గు మార్చే అడాప్టర్ పెట్టినంత మాత్రాన వోల్టేజి మారదు, జార్‌లో చట్నీ అలాగే ఉండి మోటారు మూలుగుతూ కూర్చుంటుంది. కుక్కర్ తెచ్చుకోండి, 3 లీటర్లది చాలు, అడుగు చదునుగా ఉండాలి. కాయిల్ స్టవ్‌కు అల్యూమినియం పనికొస్తుంది, ఇండక్షన్ అయితే దానికి పనికొచ్చే స్టీలుదే కావాలి. ఇంకోటి: కాయిల్ ఆపేసినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. విజిల్స్ అయ్యాక కుక్కర్‌ను పక్క బర్నర్ మీదికి జరపకపోతే అడుగంటుతుంది.

స్టోర్‌లో సంచుల మీద పేర్లు ఎక్కువగా హిందీ, గుజరాతీవి. కందిపప్పు అంటే తూర్ దాల్, ఉలవలు కుల్తీ, బొరుగులు మమ్రా, జొన్నపిండి జువార్. బొరుగులతో చేసే ఉగ్గానిలోకి పప్పులు (పుట్నాలు) కావాలంటే 'దాలియా' అని ఉన్న సంచి వెతకాలి, కానీ గోధుమరవ్వనూ అదే పేరుతో అమ్ముతారు. పేరు చూసి కాదు, సంచిలోకి చూసి కొనండి. కందిపప్పులో 'ఆయిలీ' అని రాసి ఉంటే దానికి నూనె, ఎక్కువగా ఆముదం, పట్టించారని అర్థం. వేడినీళ్లతో రెండుమూడు సార్లు కడగాలి, కడగని పప్పు జిడ్డు వాసన కొడుతుంది. నూనె పట్టించనిదే తీసుకోండి. మసాలా దినుసులు ఇండియన్ స్టోర్‌లోనే కొనాలి. అమెరికన్ స్టోర్‌లో చిన్న సీసాకు పెట్టే డబ్బుతో ఇక్కడ సంచి వస్తుంది. పాలు, గుడ్లు, ఉల్లిగడ్డలు మాత్రం అమెరికన్ స్టోర్‌లోనే చవక. ధర చూసేటప్పుడు పెద్ద అంకె వదిలేసి, అరమీద చీటీలో చిన్నగా ఉండే ఔన్సు ధర చదవండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అనుకోవద్దు.

సంగటికి గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించండి, నీళ్లు కొంచెం మిగలాలి. ఉప్పు వేసి, గ్లాసు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయండి. అప్పుడే కలపొద్దు! మూతపెట్టి సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు వదిలేస్తే పిండి ఆవిరికి ఉడుకుతుంది. ముందే కెలికితే ఉండలు కట్టి, లోపల పచ్చిపిండి మిగిలిపోతుంది. తర్వాత దించి, సంగటికట్టె లేదు కాబట్టి అప్పడాల కర్రతో గిన్నె అంచులకు ఆనించి బలంగా ఎనపండి. చేయి తడిచేసుకుని ముద్దలు చేయాలి. పక్కన ఉలవచారో, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడో ఉంటే ఇద్దరికి పూట గడుస్తుంది. మిగిలిన ముద్దను నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారి మజ్జిగ, ఉల్లిగడ్డతో సరి. రాగిపిండి, చెనిక్కాయలు ఫ్రీజర్‌లో పెట్టండి, బయటుంటే పురుగు పడుతుంది, నూనె కమురు వాసన వస్తుంది.

పెరుగు కొనడం మానేయండి. గ్యాలన్ పాలంటే 3.78 లీటర్లు, అందులో సగం తోడు పెట్టినా వారం వస్తుంది. తోడుకు 'లైవ్ కల్చర్స్' అని రాసి ఉన్న తీపి కలపని పెరుగు ఒక్కసారి కొంటే చాలు. పాలు కాచి, వేలు ఓర్చుకునేంత గోరువెచ్చగా అయ్యాక లీటరుకు రెండు చెంచాలు. చలికాలంలో తోడుకోకపోవడానికి కారణం పాలు కాదు, వంటగది చలి. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేయకుండా లోపలి బల్బు మాత్రం వెలిగించండి, ఆ వేడి చాలు. ఎల్‌ఈడీ బల్బయితే వేడి పుట్టదు, అప్పుడు దుప్పటి చుట్టాల్సిందే. ఓవెన్ తలుపు మీద చీటీ అంటించడం మరవొద్దు. రూమ్మేట్ పిజ్జా కోసం ఓవెన్ వేశాడంటే పెరుగూ పోతుంది, ప్లాస్టిక్ మూతా కరుగుతుంది.

తిరగవాత పెట్టేటప్పుడు కిటికీ తీయండి. పొగకు అలారం మోగితే కొన్ని చోట్ల ఫైరింజన్ వచ్చేస్తుంది, జరిమానా కూడా పడొచ్చు. అలారం బ్యాటరీ పీకేయడం ఇంకా పెద్ద తప్పు.

చలికోటు కర్నూలులో కొనొద్దు, ఇక్కడ వాడిన బట్టలు, సామాన్లు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో చవగ్గా దొరుకుతుంది. గదిలో దిగిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్ ఫొటోలు తీసి ఓనరుకు ఈమెయిల్ చేయండి. లేకపోతే ఖాళీ చేసేటప్పుడు పాత మరకలకు మీ డిపాజిట్ కోస్తారు. క్రెడిట్ కార్డుకు 'మినిమం' కాదు, స్టేట్‌మెంట్ మొత్తం కట్టండి.

ఉద్యోగం దొరికాక మొదటి పే స్లిప్ జాగ్రత్తగా చదవండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చినవాళ్లకు మామూలుగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను ఉండదు. రెండూ కలిపి జీతంలో 7.65 శాతం. తెలియక కోసే పేరోల్ వాళ్లున్నారు. ముందు కంపెనీనే వెనక్కి అడగండి, ఇవ్వకపోతే అమెరికా పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కు ఫారం 843, దానికి జతగా 8316 పంపాలి.